రవాణా ఛార్జీలపై అమ్మకపు పన్ను

అమ్మిన సరుకును కొనుగోలుదారునికి చేర్చుటకు తీసుకొను సొమ్ముపై కూడా పన్ను పడునా అనునది వర్తకములో తరచుగా తలెత్తు ప్రశ్న. భారతదేశములో 2017 జూలై 1 నుండి అమలులోనున్న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) ప్రకారం, సరుకు చేరవేయు బాధ్యత అమ్మకందారునిదైతే రవాణా ఛార్జీ సరుకు విలువలో భాగమగును. కొనుగోలుదారుడే లారీ మాట్లాడుకొని కిరాయి చెల్లించుకొంటే అది ఆ విలువలో చేరదు.

చరిత్ర

1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టము, బిల్లులో విడిగా చూపిన రవాణా ఖర్చును అమ్మకపు ధర నుండి మినహాయించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి సాధారణ అమ్మకపు పన్ను చట్టము, 2005 ఏప్రిల్ 1 నుండి విలువ ఆధారిత పన్ను (వ్యాట్) చట్టము అమలైనవి. హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రాడక్ట్స్ కేసులో (1969) కొనుగోలుదారుడు చెల్లించి, బిల్లులో తగ్గించిన రైలు కిరాయి ధరలో భాగము కాదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. హిందుస్థాన్ షుగర్ మిల్స్ కేసులో (1978) మాత్రం, సిమెంటు నియంత్రణ ఉత్తర్వు వలన ధర గమ్యస్థానము వరకు నిర్ణయమైనందున, కిరాయి ధరలో భాగమేనని తేల్చినది. అనగా కిరాయి ఎవరి బాధ్యత అనునదే కీలకము.

జీఎస్టీ విధానము

కేంద్ర జీఎస్టీ చట్టము 15వ సెక్షను ప్రకారం సరుకు అప్పగించు వరకు అమ్మకందారుడు చేసిన పనులకు తీసుకొన్న సొమ్ము, ప్యాకింగు ఖర్చుతో సహా, పన్ను విలువలో చేరును. అమ్మకందారుడు చెల్లించవలసిన ఖర్చును కొనుగోలుదారుడు భరించినా అదియు చేరును. కావున బిల్లులో రవాణాను వేరుగా చూపినంత మాత్రాన పన్ను తప్పదు. సరుకుకు ఏ రేటో, దానితో కలిపి చేసిన రవాణాకు కూడా అదే రేటు వర్తించును.

ఉదాహరణలు

పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మూడు పట్టణముల వర్తకములో ఈ భేదములు స్పష్టముగా కనిపించును.

మదనపల్లె: పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. పట్టు వస్త్రముల రేటు 5 శాతము. రూ. 10,000 చీరకు రూ. 200 చేరవేత ఛార్జీ తీసుకొంటే పన్ను రూ. 10,200 పై లెక్కించవలెను, అది రూ. 510 అగును.

పుంగనూరు: ఇక్కడి టమాటా వంటి తాజా కూరగాయలకు పన్ను లేదు. వ్యాపారి తానే చెన్నైకి చేర్చుటకు ఒప్పుకొని కిరాయి కలిపి తీసుకొన్నా దానిపై పన్ను పడదు.

కుప్పం: తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల వద్ద గల ఈ ప్రాంతము గ్రానైటుకు పేరుపొందినది. గ్రానైటు దిమ్మెల రేటు 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. క్వారీ వద్దనే సరుకు అప్పగించు ఒప్పందములో, కొనుగోలుదారుని లారీ కిరాయి దిమ్మె విలువలో చేరదు. ఆ రవాణా సేవకు వర్తించు పన్ను వేరుగా ఉండును.