జల్‌లో మన వాటా: వాగు చేప నుంచి ఇంటి కుంట దాకా



జల్, జంగల్, జమీన్ అని ప్రతి సభలో గొంతెత్తి నినాదం ఇస్తాం. జమీన్ చరిత్ర మనకు నోటికి వచ్చు. 1940లో జోడెఘాట్, 1981లో ఇంద్రవెల్లి. జంగల్ గురించీ మాట్లాడుకుంటాం. నినాదంలో ముందుగా పలికే జల్ దగ్గరికి వచ్చేసరికి తాగునీళ్లు, సాగునీళ్లు అని ఆగిపోతాం. ఆ నీళ్లలో చేప కూడా ఉంది. గోండిలో ఏర్ అంటే నీళ్లు, మీన్ అంటే చేప. రెండు మాటలూ మన ఇళ్లలో ఉన్నాయి. మీన్ మాత్రం ఇప్పుడు ఎక్కువగా సంతలో కొంటేనే పళ్లెంలోకి వస్తోంది, అది కూడా చాలాసార్లు ఎండుచేపగా.

మైదానం వాళ్ల చేప చరిత్ర వేరు. కాకతీయుల కాలంలో అక్కడ రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులు కట్టారు. అంతకు ముందే 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో, చేపలకు మేత పెట్టి గాలంతో పట్టే వినోదం గురించి ప్రత్యేకంగా రాయించాడు. రాజుగారికి చేప వినోదం, మనకు కూడు. జైనూర్, సిర్పూర్ యు, లింగాపూర్ గుట్టల్లో మన పెద్దలకు చెరువు కంటే వాగే దిక్కు. తొలి వానలకు చేప ఎదురెక్కుతుంది. ఎండాకాలం వాగు తెగి మడుగులుగా మిగిలితే, నీళ్లు తోడి, వెదురు బుట్టలు పెట్టి పట్టుకుంటారు. ఏ మడుగు ఎప్పుడు ఎండుతుందో, ఏ రాయి కింద ఏ చేప దాక్కుంటుందో ఆడవాళ్లకూ పిల్లలకూ బాగా తెలుసు.

ఇంట్లో చేపను ఉంచుకోవడం కూడా కొత్త సంగతి కాదు. కొర్రమట్ట పైకి వచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి గోలెంలో నీళ్లు పోసి వేస్తే రోజుల తరబడి బతుకుతుంది. చుట్టం వచ్చిన రోజున తీసి వండుకోవచ్చు. నీళ్లు ఇంకిన బురదలోనూ ప్రాణం నిలుపుకుంటుంది, నిలవ నీటిలోనే గుడ్లు పెట్టి పిల్లలకు కాపలా కాస్తుంది. మన నేలకు ఇంతగా సరిపోయే చేప ఇంకోటి లేదని మా అభిప్రాయం. తెలంగాణ వచ్చాక రాష్ట్ర చేపగా గుర్తించిందీ దాన్నే. మృగశిర కార్తె నాడు దాని ధర అడగకపోవడమే మంచిది!

వాగుకు, మనకు మధ్య అడ్డు వచ్చింది రిజర్వు హద్దు రాళ్లతో. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాలకు వచ్చిన 1927 అటవీ చట్టం 26వ సెక్షన్, రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా చేపలు పట్టడాన్ని కూడా నేరాల్లో చేర్చింది. నిజాం రాజ్యంలో ఆ చట్టం లేదు కానీ, రిజర్వు అడవి పేరుతో జరిగింది ఇక్కడా అదే. పోడు ఆపారు, పశువుల మేతకు పన్ను వేశారు. కుమురం భీం నేలకొరిగాక, హైమండార్ఫ్ దొర మన మండలంలోని మార్లవాయికి వచ్చి ఉన్నాడు. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. టీచర్ ట్రైనింగ్ చేసిన మాలాంటి వాళ్లకు మార్లవాయి పుట్టిల్లు వంటిది. ఆయన పుస్తకాల్లో మన దేవుళ్లు, గోత్రాలు, పెళ్లిళ్లు ఉన్నాయి. ఊరూరి మడుగుల లెక్క మాత్రం మనమే రాసుకోవాలి.

ఇక కుంటల సంగతి. బొచ్చె, రోహు, మ్రిగాల నది చేపలు. వరద నీటిలో తప్ప నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకే ఒకప్పుడు వాటి పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. చేపపిల్లలు ఊరూరికీ రావడానికి దారి పడింది అప్పుడే. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు మొదటి విడతలోనే ఆదిలాబాద్ జిల్లా ఉంది. ఆ పనుల్లో మన చేలల్లోనూ కుంటలు తవ్వుకున్నాం. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న కుంటకు 50 పిల్లలు చాలు. వేలెడు పొడవున్నవే తెచ్చుకోవాలి, మరీ చిన్నవైతే కొర్రమట్టలు మింగేస్తాయి. బొచ్చె పైనీళ్లలో, రోహు మధ్యలో, మ్రిగాల అడుగున మేస్తాయి కాబట్టి మూడూ కలిపి వేయవచ్చు. పశువుల పేడ, తవుడు, పల్లి చెక్క ఇంట్లో ఉన్నవే. మన కుంటలు చాలావరకు ఎండాకాలానికి అడుగంటుతాయి కనుక జులై, ఆగస్టులో పిల్ల పడాలి. అన్నిటికంటే ముఖ్యం, పత్తి చేను నుంచి వాన నీళ్లు నేరుగా కుంటలోకి దిగకుండా గట్టు వేయాలి. పత్తికి కొట్టిన మందు నీళ్లలో కలిస్తే చేప బతకదు. వాగుల్లో చేప తగ్గడానికి ఆ మందు ఒక కారణం, మనలో కొందరు బ్లీచింగ్ చల్లి పట్టడం ఇంకో కారణం. నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. మన పెద్దలు మడుగు తోడారు కానీ, వాగును చంపలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, హాస్టల్లో రక్తపరీక్షలు చేయించిన ప్రతిసారీ రక్తం తక్కువ అని రాయించుకునే ఆడపిల్లలను చూస్తున్నాం. ఇంటి దగ్గర వారానికోసారి చేప కూర దొరికితే ఎంతో కొంత బలం కదా!

వాగు చేప మీద హక్కు ఇప్పుడు కాగితం మీద కూడా ఉంది. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల్లో చేపలను పేరు పెట్టి చెప్పింది. సామూహిక హక్కుల దరఖాస్తు ఫారం-బిలో చేపలు, నీటి వనరులకు విడిగా ఒక చోటు ఉంది. పోడు పట్టాల హడావుడిలో అటువైపు చూసేవాళ్లు తక్కువ. ఆ హక్కుకు సాక్ష్యం ఏమిటంటే, దరఖాస్తుదారులు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టినా సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలే చెబుతున్నాయి.

కాబట్టి ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుని మీ ఊరి కాకోలు, బాపుల దగ్గర కూర్చోండి. ఏ మడుగు పేరు ఏమిటి, ఏ నెలలో పట్టేవాళ్లు, ఏయే ఊళ్లవాళ్లు కలిసి పట్టేవాళ్లు, ఏ చేప ఇప్పుడు కనబడటం లేదు అని అడిగి, వాళ్లు గోండిలోనో కొలామిలోనో చెప్పింది చెప్పినట్టు రాయండి. కింద వాళ్ల సంతకమో వేలిముద్రో, తేదీ వేయించండి. ఒక కాపీ గ్రామసభకు ఇచ్చి, ఒకటి ఇంట్లో దాచుకోండి.