సూడాన్: నేలలో సమృద్ధి, ఇంట్లో ఆకలి

సహారా ఎడారికి దక్షిణంగా, ఎర్ర సముద్రం మొదలు అట్లాంటిక్ వరకు వ్యాపించిన ప్రదేశమంతటినీ పూర్వపు అరబ్ భూగోళ శాస్త్రజ్ఞులు 'బిలాదుస్సూదాన్' అని వ్యవహరించేవారు. నల్లవారి దేశాలు అని దాని అర్థం. ఆ పేరు ఈనాడు ఈశాన్య ఆఫ్రికాలోని సూడాన్‌కు నిలిచింది. 2011 వరకు అది సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఆఫ్రికాలోకెల్లా పెద్ద దేశం. ఆ సంవత్సరం జూలై 9న దక్షిణ ప్రాంతం విడిపోయిన తర్వాత 18 లక్షలకు పైగా చదరపు కిలోమీటర్లు మిగిలాయి. రెండు మహానదులు, విశాలమైన నల్లరేగడి మైదానాలు, పశుసంపద, బంగారం గల ఈ దేశంలో 1984-85లో కరువు వచ్చింది. 2024లో మళ్ళీ క్షామం ప్రకటించవలసి వచ్చింది. దీనికి కారణం భూగోళంలో కంటె చరిత్రలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

రెండు నదుల సంగమం

సూడాన్‌కు ప్రాణం నైలు నది. శ్వేత నైలు మధ్య ఆఫ్రికా సరస్సుల నుండి బయలుదేరి, దక్షిణాన 'సుద్ద్' అనే మహా చిత్తడి ప్రదేశంలో తన నీటిలో దాదాపు సగం ఎండకు పోగొట్టుకొని వస్తుంది. నీలి నైలు ఇథియోపియాలోని తానా సరస్సు వైపు నుండి దిగి, వరదకాలంలో ఒండ్రుమట్టిని మోసుకొని వస్తుంది. ఖార్తూమ్ వద్ద రెండూ కలుస్తాయి. ఉత్తరాన వర్షం దాదాపు లేని ఎడారి, మధ్య భాగాన గడ్డిమైదానాలు, దక్షిణానికి పోయిన కొద్దీ వానలు: ఇదీ దేశ స్వరూపం. ప్రజల ప్రధానాహారం జొన్న. జొన్నపిండితో చేసే పలుచని 'కిస్రా' రొట్టె అక్కడి ఇంటింటి భోజనం.

హిజ్రీ 31లో, అనగా క్రీ.శ. 651-52లో, ఈజిప్టు గవర్నరు అబ్దుల్లా బిన్ సాద్ నూబియా రాజ్యంతో చేసుకున్న 'బఖ్త్' ఒప్పందం ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో తొలి మైలురాయి. ఈజిప్టు నుండి ధాన్యం, వస్త్రాలు దక్షిణానికి వెళ్ళేవి. నూబియా నుండి ఏటా 360 మంది బానిసలు ఉత్తరానికి వెళ్ళేవారని మఖ్రీజీ గ్రంథం తెలుపుతున్నది. ఒడిదుడుకులతోనైనా ఆరు శతాబ్దాలపాటు సాగిన ఈ ఏర్పాటు శాంతిని నిలిపిన మాట నిజమే. కాని మనుషులే ఎగుమతి సరుకుగా మారిన సంగతిని చరిత్రకారుడు దాచరాదు. 1820-21లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ తన సైన్యాన్ని పంపినప్పుడు కూడా ఆశించినవి రెండే: బంగారం, సైన్యానికి బానిసలు. బంగారం అనుకున్నంత దొరకలేదు. పన్నుల భారం మాత్రం మిగిలింది. 1881లో మహ్దీ ఉద్యమం లేవడానికి గల కారణాలలో ఆ పన్నులూ ఉన్నాయి.

పత్తి కొరకు నిర్మించిన దేశం

1898లో కరారీ యుద్ధంలో మహ్దీ రాజ్యాన్ని ఓడించిన తర్వాత బ్రిటిషువారు ఈజిప్టు పేరును జతచేసుకొని 1956 వరకు పాలించారు. 1909లో పోర్ట్ సూడాన్ రేవు అధికారికంగా ప్రారంభమై, ప్రాచీన సువాకిన్ రేవు క్షీణించింది. రైలుమార్గం 1912 నాటికి కుర్దుఫాన్‌లోని అల్ ఉబయ్యద్ చేరింది. పట్టాలన్నీ లోపలి సరుకును సముద్రానికి చేర్చేవే.

రెండు నదుల మధ్యనున్న జజీరా మైదానం నీలి నైలు వైపు నుండి శ్వేత నైలు వైపునకు స్వల్పంగా వాలి ఉంటుంది. అందువలన పంపులు లేకుండానే కాలువలలో నీరు పారుతుంది. 1925లో సెన్నార్ ఆనకట్ట పూర్తయి, లాంకషైర్ మిల్లులకు కావలసిన పొడుగు పింజ పత్తి సాగు ఇక్కడ ఆరంభమైంది. పత్తి ఆదాయంలో రైతుకు నూటికి 40 వంతులు. మిగిలినది ప్రభుత్వానికి, బ్రిటిష్ కంపెనీకి. జొన్న పంట రైతుదే, కాని పత్తి వేయక తప్పదు. 1930లలో ధరలు పడిపోయి, తెగుళ్ళు సోకినప్పుడు రైతు వాటా నామమాత్రమైంది. 1946లో రైతులు సమ్మె చేశారు. 1950లో కంపెనీ గడువు ముగిసి జజీరా బోర్డు వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి ఎగుమతి ఆదాయంలో సగానికి మించి పత్తిదే. ఒక్క పంట ధరపై ఒక దేశపు ఖజానా ఆధారపడిందన్న మాట.

1959 నైలు జలాల ఒప్పందంలో ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్‌కు 1,850 కోట్ల ఘనపు మీటర్లు కేటాయించారు. నీటిలో అధిక భాగాన్ని పంపే ఇథియోపియాకు అందులో చోటు లేదు. ఆ దేశం 2011లో నీలి నైలుపై మహా ఆనకట్ట నిర్మాణం మొదలుపెట్టి 2025లో ప్రారంభించడంతో పాత లెక్క మళ్ళీ ముందుకు వచ్చింది. అస్వాన్ జలాశయం వలన పాత వాదీ హల్ఫా పట్టణం మునిగి, వేలాది నూబియన్ కుటుంబాలు దూరానికి తరలిపోయాయి.

అన్నపూర్ణ కల, చమురు, బంగారం

1973 తర్వాత చమురు ధనం పెరిగిన అరబ్ దేశాలు సూడాన్‌ను అరబ్ ప్రపంచపు అన్నపూర్ణగా తీర్చిదిద్దాలని తలపెట్టాయి. 1981లో కెనానా చక్కెర కర్మాగారం ప్రారంభమైంది. వర్షాధార భూములను ట్రాక్టరు సాగుకై వర్తకులకు, అధికారులకు కౌలుకిచ్చారు. పశువుల కాపరుల దారులు మూసుకుపోయాయి, నేల సారం తగ్గింది, విదేశీ ఋణం పెరిగింది. అన్నపూర్ణ అనిపించుకోవలసిన దేశంలోనే, పదేళ్ళు గడవకముందే, దార్ఫూర్, కుర్దుఫాన్ గ్రామాలు ఆకలితో ఖాళీ అయ్యాయి. 1985 ఏప్రిల్‌లో నుమైరీ ప్రభుత్వం కూలింది.

ఆ కుర్దుఫాన్ పొడినేలలలోనే మన తుమ్మకు దాయాది అయిన 'హషాబ్' చెట్టు పెరుగుతుంది. దాని బంక శీతల పానీయాలకు, మందులకు, మిఠాయిలకు ఎంత అవసరమంటే, 1997లో అమెరికా సూడాన్‌పై వాణిజ్య ఆంక్షలు విధించినా దీనిని మినహాయించింది. చెట్టుకు గాటు పెట్టి బంక సేకరించే పల్లెవాసికి ఆ ప్రాముఖ్యానికి తగిన ఫలం మాత్రం దక్కలేదు.

1978లో బెంతియూ సమీపాన చమురు బయటపడింది. 1983లో దక్షిణాన యుద్ధం తిరిగి రగలడానికి ఆ సంపదపై అధికారమెవరిదన్న వివాదం ఒక కారణమైంది. 1999లో సుమారు 1,600 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా చమురు పోర్ట్ సూడాన్ చేరింది. 2003లో భారత ప్రభుత్వరంగ సంస్థ కూడా అందులో నాల్గవ వంతు వాటా తీసుకున్నది. ఆ పన్నెండేళ్ళ ఆదాయంతో సేద్యం బాగుపడలేదు. 2011లో చమురులో దాదాపు ముప్పాతిక భాగం దక్షిణ సూడాన్‌కు వెళ్ళిపోయింది.

ఆ లోటును బంగారం పూరించింది. కాని అది సాయుధుల చేతికి సులభంగా చిక్కే సరుకు; సరిహద్దులు దాటించడమూ సులభమే. 2018 డిసెంబరులో రొట్టె ధర పెరగగా అత్బరాలో మొదలైన నిరసనలు 2019 ఏప్రిల్‌లో బషీర్ పాలనను అంతం చేశాయి. 2023 ఏప్రిల్ 15న సైన్యానికి, సత్వర సహాయక దళాలనే సాయుధ బలగానికి మధ్య యుద్ధం మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో జజీరా రాజధాని వద్ మదనీ దళాల వశమై, 2025 జనవరిలో గాని సైన్యం చేతికి తిరిగి రాలేదు. నూరేళ్ళుగా నీరు పారిన కాలువల వెంట రైతులు ఊళ్ళు విడిచారు. దేశంలో కోటి మందికి పైగా నిరాశ్రయులయ్యారు.

అన్యాయం నాగరికతను పాడుచేస్తుందని ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఒక ప్రకరణమంతా వ్రాశాడు. శ్రమఫలం తనది కాదని తెలిసినప్పుడు మనిషి చేయి వెనుకాడుతుందన్నది ఆయన వాదసారం. పత్తి, బంక, చమురు, బంగారం ఒకదాని తర్వాత ఒకటి వచ్చినా సూడాన్‌లో మారనిది ఈ ఒక్క సంబంధమే. అక్కడి నేలకు ఇంకా సారమున్నది, నదులలో నీరున్నది. ఆ నేలను దున్నే జజీరా రైతుకు తన పంటపై భద్రత, హక్కు దక్కినప్పుడే వాటి విలువ లెక్కకు వస్తుంది.