సిరాజ్ వెళ్లాడు, బలరాం వెళ్లారు: కుర్ర ప్లేయర్‌తో మళ్లీ సంతకం ఎప్పుడు?

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్ దగ్గర చాయ్ తాగుతుంటే వచ్చింది. పక్కన ఇద్దరు తమ్ముళ్లు గట్టిగా కొట్లాడుకుంటున్నారు. "సిరాజ్ మనోడే కదరా, మరి సన్‌రైజర్స్ ఎందుకు ఉంచుకోలే?" అని ఒకడు. రెండోవాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదప్పుడు.

లెక్క చూడండి. 2017లో సన్‌రైజర్స్ సిరాజ్‌ని 2.6 కోట్లకు తీసుకుంది. 6 మ్యాచ్‌లు, 10 వికెట్లు. మరుసటి ఏడాది పెద్ద వేలం. వార్నర్, భువనేశ్వర్‌లను ముందే ఉంచుకున్నారు. సిరాజ్ వేలంలోకి వెళ్లాడు, అదే 2.6 కోట్లకు బెంగళూరు పట్టుకెళ్లింది.

ఈ ప్రశ్న ఐపీఎల్‌తో పుట్టింది కాదు. మన సికింద్రాబాద్‌లోనే ఇంతకంటే పాత కథ ఉంది. అమ్ముగూడ తెలుసు కదా? తులసీదాస్ బలరాం ఆ ఊరి కుర్రాడు, 1936లో పుట్టారు. ఇంట్లో డబ్బుల్లేవు. సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన ఆట చూసి క్యాంపుకి రమ్మన్నారు. అవును, 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగన్ వేసిన పాత్ర, ఆ రహీం సాబే. అంత దూరం రోజూ ఎట్లా రావాలె? రహీం సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని చెబుతారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. పేరు రాకముందు పెట్టిన ఖర్చు అది.

1956లో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. ఇరవై ఏళ్ల కుర్రాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ ఆయన్ని తీసుకెళ్లింది. అప్పుడు హైదరాబాద్ ఫుట్‌బాల్ చిన్నదేం కాదు. రహీం సాబ్ కోచింగ్‌లో సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. కానీ ఇక్కడ టీం అంటే ప్రధానంగా సర్కారు ఉద్యోగం. కలకత్తాలో అంటే నిండిన స్టేడియం, పేపర్లో ఫోటో. అక్కడ సంతకం ఏడాదికోసారి. ట్రాన్స్‌ఫర్ సీజన్ వస్తే చాలు, వేరే క్లబ్బోళ్లు ఎగరేసుకుపోతారని ప్లేయర్లను దాచిపెట్టేవాళ్లు. నిజంగానే, ఇళ్లల్లో దాచేవాళ్లు!

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్, రెండూ బలరాంవే. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా లీగ్, ఐఎఫ్‌ఏ షీల్డ్ రెండూ గెలిచారు. ఆ లీగ్‌లో ఆయనవి 23 గోల్స్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం.

1963లో జబ్బు చేసింది. ఊపిరితిత్తుల సమస్య. ఇరవై ఏడేళ్ల వయసులో ఆట బంద్.

ఇక్కడ యూసుఫ్ ఖాన్‌ని కూడా చూడాలి. రోమ్‌లోనూ జకార్తాలోనూ బలరాంతోపాటు ఆడిన మన హైదరాబాదీ. ఆయన పోలీస్ టీంలోనే ఉండిపోయారు. బలరాంకి వచ్చినంత పేరు రాలేదు, కానీ నౌకరీ ఉంది. ఎవరు కరెక్టు? ఎటూ తేల్చి చెప్పలేను. ఒకటి మాత్రం అనిపిస్తది: మళ్లీ సంతకం అనేది క్లబ్బుకి ఎంత అవసరమో, కాలు విరిగితే ఏం తినాలో తెలియని కుర్రాడికి అంతకంటే ఎక్కువ అవసరం. ఏడాది సంతకంలో జబ్బుకి చోటు లేదు.

మరి క్లబ్ ఎప్పుడు ఉంచుకోవాలె? కుర్రాడు మెరిసిన తర్వాత అయితే లేటు. అప్పటికి రేటు పెరిగిపోతుంది, వేరేవాళ్ల కన్ను పడుతుంది. బెంగళూరు సిరాజ్‌తో చేసిందే చూడండి. 2019లో 9 మ్యాచ్‌ల్లో 7 వికెట్లే, ఓవర్‌కి 9 పరుగుల పైనే ఇచ్చాడు. సోషల్ మీడియాలో ఎన్ని తిట్లో! అయినా వదల్లేదు. 2020 అక్టోబర్‌లో కోల్‌కతా మీద 4 ఓవర్లలో 8 పరుగులకు 3 వికెట్లు, అందులో రెండు మెయిడెన్లు. తర్వాత 2022కి ముందు 7 కోట్లు పెట్టి ఉంచుకున్నారు.

ఆగండి, కామెంట్లలో మీరు అడిగేలోపు నేనే చెప్తా. 2025కి ముందు బెంగళూరు సిరాజ్‌ని వదిలేసింది, గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంది. అదే ఏడాది బెంగళూరు సిరాజ్ లేకుండానే కప్పు కొట్టింది. ఈ సూత్రం ఎప్పుడూ పనిచేయదు మరి.

సన్‌రైజర్స్ మాత్రం తర్వాత నేర్చుకున్నట్టుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తీసుకున్నారు. 2023లో ఆడింది రెండే మ్యాచ్‌లు. బ్యాటింగ్ రాలేదు, వికెట్ పడలేదు. కాగితం మీద చూస్తే ఉంచుకోవడానికి కారణం ఒక్కటీ లేదు. ఉంచుకున్నారు. 2024లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. ఆ తర్వాత 6 కోట్లు.

బలరాం ఆట మానేశాక కూడా అమ్ముగూడ తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఉండిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. అప్పటికి చాలా ఏళ్లుగా ఈస్ట్ బెంగాల్‌తో ఆయనకి మాటల్లేవు.