అమీబియాసిస్: సికింద్రాబాద్, మల్కాజ్‌గిరి ప్రాంతం

ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణ జీవి పెద్దపేగులో చేరి తెచ్చే వ్యాధి అమీబియాసిస్. తెలుగునాట జిగట విరేచనాలు, బంక విరేచనాలు, నెత్తురు విరేచనాలు అని పిలిచే బాధల్లో కొంత దీని పని. మలం కలిసిన నీరు, ఆ నీటితో కడిగిన ఆకుకూరలు, సరిగా కడుక్కోని చేతులు దీని దారులు. మంచినీళ్ల పైపుకూ మురుగు కాలువకూ మధ్య ఎంత ఎడం ఉంది అన్న ప్రశ్న చుట్టూనే జంటనగరాల్లో దీని కథ నడిచింది.

మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ, ఆనంద్‌బాగ్ వీధుల్లో ఈ పేరు తెలియని ఇల్లు అరుదు. కడుపులో కాస్త గడబిడ అయితే చాలు, ‘నాకు అమీబియాసిస్ ఉందండీ’ అనేవాళ్లు గల్లీకి ఇద్దరైనా దొరుకుతారు. మందుల దుకాణంలో ఫ్లాజిల్ అడిగి రెండు రోజులు మింగి, నెమ్మదించగానే మానేసేవాళ్లకూ కొదవ లేదు. ఇలా ఆ పేరు మోసే కడుపునొప్పుల్లో నిజంగా అమీబా తెచ్చినవి తక్కువే. అచ్చం దీనిలాగే కనిపించే ఎంటమీబా డిస్పార్ అనే మరో జీవి పేగుల్లో హాయిగా ఉంటుంది, ఏ హానీ చేయదు. ఇవి రెండూ వేర్వేరని ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే అన్నాడు. ఆ మాట 1993 దాకా నిలదొక్కుకోలేదు. మామూలు సూక్ష్మదర్శినికి ఈ కవలల తేడా అందదు కనుక, మల పరీక్ష చీటీ మీద ‘సిస్టులు ఉన్నాయి’ అని రాసి ఉన్నంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు.

ఆ సిస్టే అసలు చిక్కు. పేగులో తిరిగే అమీబా బయటపడితే ఎక్కువసేపు బతకదు. గట్టి పొర కప్పుకుని సిస్టుగా మారినప్పుడు మాత్రం తడి నేలలో, నీళ్లలో వారాల తరబడి ఉండగలదు. దాని పరిమాణం 10 నుంచి 20 మైక్రాన్లు. జీర్ణాశయంలోని ఆమ్లం దాన్ని ఏమీ చేయలేదు. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. కలరా క్రిమికి ఆ మోతాదు చాలు, సిస్టుకు చాలదు. దాన్ని చంపేది మరిగే నీరు, ఆపేది వడపోత. పటిక వేసి మడ్డిని పేరనిచ్చి, ఇసుక పడకల మీదుగా నీటిని దించితే మడ్డితో పాటు సిస్టులూ చాలావరకు ఆగిపోతాయి. పూర్వం ఊళ్లలో కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి బురద నీటిని తేర్చుకునేవారు. అదీ ఈ పద్ధతికి దూరపు చుట్టమే.

1806లో కంటోన్మెంటుగా మొదలైన సికింద్రాబాద్‌లో తెల్ల సిపాయిలను తుపాకుల కంటే విరేచనాలు ఎక్కువ వేధించాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చేదాన్నీ అమీబా వల్ల వచ్చేదాన్నీ వేరుచేసే తెలివి అప్పటికి ఎవరికీ లేదు. మద్రాసు వైద్య సర్వీసులో పనిచేసిన జేమ్స్ అన్నెస్లీ 1828లో తెచ్చిన గ్రంథంలో జిగట విరేచనాలకూ కాలేయంలో చీముగడ్డకూ ఉన్న పొత్తును వివరించాడు. కారణమైన ప్రాణి మాత్రం అతని కంటపడలేదు. అది 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యుడు ఫ్యొదర్ ల్యోష్‌కు ఒక రోగి మలంలో కనిపించింది. ఆయన దాన్ని కుక్కలకు ఎక్కించి చూసి కూడా, రోగానికి అదే మూలమని గట్టిగా చెప్పలేకపోయాడు. ఈలోగా తెలుగు ఇళ్లలో మారేడు పిందెలు, కొడిశపాల బెరడు, కుటజారిష్టం తమ పని తాము చేసుకుపోతున్నాయి. కొడిశపాలలోని కొనెసిన్ అనే ఆల్కలాయిడ్‌కు అమీబాను దెబ్బతీసే గుణం ఉందని తరువాతి పరీక్షల్లో తేలింది. కలకత్తాలో వైద్యుడు లెనార్డ్ రోజర్స్ 1912లో ఎమిటీన్ ఇంజెక్షన్‌ను వాడుకలోకి తెచ్చాడు. ప్రాణాలు నిలబెట్టిన మందే, కాకపోతే గుండెకు చెరుపు చేసేది. 1960లలో మెట్రోనిడజోల్ (దుకాణాల్లో అడిగే ఫ్లాజిల్ ఇదే) వచ్చాక దాని అవసరం తగ్గిపోయింది.

పైపుల సంగతి ప్రపంచానికి తెలిసివచ్చింది షికాగోలో. 1933లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వచ్చినవారిలో 1,409 మందికి అమీబియాసిస్ సోకింది, 98 మంది చనిపోయారు. నగరానికి వచ్చే నీటిలో లోపం లేదు. రెండు పెద్ద హోటళ్లలో పాత పైపుల అతుకుల దగ్గర మురుగు మంచినీటిలోకి చేరింది. అతిథులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక రోగం బయటపడింది కనుక, ఇవన్నీ ఒకే చోట పుట్టిన కేసులని గుర్తించడానికే కాలం పట్టింది. నీటి మీద అనుమానంతో నమోదైన ఇలాంటి ఘటనే 1998లో జార్జియా రాజధాని త్‌బిలీసీలో జరిగింది. అక్కడ లెక్కకు వచ్చిన 177 కేసుల్లో సగానికి మించి కాలేయపు గడ్డలే.

హైదరాబాద్‌కు ఆధునిక నీటి వ్యవస్థ మూసీ వరద పుణ్యమా అని వచ్చింది. 1908 సెప్టెంబర్ 28 నాటి ప్రళయం తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలతో ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లలో నీరు వడకట్టుకుని నగరంలోకి నడిచింది. 1965లో మంజీరా నది నీరు వచ్చింది. సర్కారు నల్లాలో వచ్చేది ఏ నది నీరైనా ‘మంజీరా నీళ్లు’ అనే అలవాటు నగరంలో ఇంకా పోలేదు. నగర నీటి సరఫరా, మురుగు పారుదల చూసే జలమండలి 1989లో ఏర్పడింది, కృష్ణా నీరు 2004లో, గోదావరి 2015లో చేరాయి. విడి మునిసిపాలిటీగా ఉన్న మల్కాజ్‌గిరి 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలికలో కలిసింది. అప్పటికే కాలనీలు పెరిగిపోయాయి, నల్లాలు వెనకబడ్డాయి. బోరు, ట్యాంకరు, ఇంటి కింద సంపు, పైన ట్యాంకు: ఇన్ని మజిలీలు దాటి నీరు గ్లాసులోకి వస్తుంది. శుద్ధి కేంద్రంలో ఎంత చక్కగా వడకట్టినా మూత సరిగా లేని సంపులో ఆ శ్రమంతా వృథా.

రోజు విడిచి రోజు నీళ్లు వదిలే పద్ధతిలో ఇంకో కీడుంది. సరఫరా లేని గంటల్లో పైపు ఖాళీగా పడి ఉంటుంది. పక్కనే మోరీ పారుతుంటే, పగుళ్లలోంచి మురుగు లోపలికి జారుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడుకు మరింత చేరుతుంది. 2005లో హైదరాబాద్‌లో 1,600 మందికి పైగా హెపటైటిస్-ఇ కామెర్లు వచ్చినప్పుడు, పైపులు మురుగు నాలాలను దాటే చోట్ల రోగులు ఎక్కువగా తేలారు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నల్లా నీటితో కలరా ప్రబలి ప్రాణాలు తీసింది. వాటిలో ఒకటి వైరస్, మరొకటి బ్యాక్టీరియా. వచ్చిన తోవ మాత్రం అమీబాదే. కలరా గంటల్లో పడగొడుతుంది కనుక పత్రికలకెక్కుతుంది. అమీబాకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, సోకినవారిలో పదింట తొమ్మిది మందికి లక్షణాలే ఉండవు. ఏ రోజు తాగిన నీళ్లో గుర్తుచేసుకోవడం రోగికీ సాధ్యం కాదు, వైద్యుడికీ కాదు.

కాలేయపు గడ్డ విషయం వేరు. జ్వరం, కుడి డొక్కలో నొప్పితో వచ్చే ఈ రోగులు ఎక్కువగా నడివయసు మగవాళ్లు, అందులోనూ మద్యం అలవాటున్నవాళ్లు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో కల్లుకూ దీనికీ సంబంధాన్ని వైద్యులు గమనించారు. దోషం మత్తుదా, లొట్టిలో కలిసిన నీళ్లదా అన్న వాదన తెగలేదు. చికిత్స రెండు మెట్లుగా సాగుతుంది. మెట్రోనిడజోల్ కణజాలంలోని అమీబాను చంపుతుంది. పేగులో మిగిలిన సిస్టుల కోసం డైలోక్సనైడ్ వంటి రెండో మందు వాడాలి. బాధ తగ్గగానే ఈ రెండో మెట్టు ఎగ్గొట్టిన మనిషి, తనకు తెలియకుండానే సిస్టులను విడుస్తూ ఉంటాడు.

నీటి నమూనాలను నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో పరీక్షిస్తారు. అంటురోగాలతో వచ్చేవారికి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. క్వారంటైన్ అనే మాట జనం నోట నలిగి, ఆ ఆసుపత్రికి కోరంటి దవాఖాన అనే పేరు స్థిరపడింది. 2025 వేసవిలో జలమండలి నల్లాలకు బిగించిన మోటార్ల మీద తనిఖీలు మొదలుపెట్టి, దొరికినవాటిని జప్తు చేసి జరిమానాలు వేసింది. ఒత్తిడి చాలని వీధుల్లో మాత్రం మోటారు లేకుండా సంపు నిండేదెలా అన్నది జనం అడిగే మాట.