తుంగభద్ర పుట్టికి మూడు తొడుగులు

ఎమ్మిగనూరుకూ కర్నూలుకూ నడుమ, తుంగభద్ర కుడిగట్టున ఉన్న సి.బెళగల్ మండలానికి ఆ నదే ఒక హద్దు. ఆవలి గట్టు నేడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా. 1948 దాకా అది నిజాం రాజ్యం, అందులో కొంత నిజాముకు లోబడిన గద్వాల సంస్థానం. ఈ రెండు గట్ల మధ్య మనుషులనూ మూటలనూ పశువులనూ తరతరాలుగా దాటించిన పడవ పుట్టి, అంటే వెదురుబద్దలతో గుండ్రంగా అల్లి, నీరు చొరకుండా వెలుపల తొడుగు వేసిన నావ. దాని ఆకారం అయిదు వందల ఏళ్ళలో పెద్దగా మారలేదు. మారింది తొడుగు: మొదట తోలు, తరువాత తారు, ఇటీవల ఫైబర్‌గ్లాస్. తొడుగు మారినప్పుడల్లా దానిని కాపాడుకునే పని మారింది, ఆ పని తెలిసినవారూ మారారు.

పుట్టిని గురించిన పాత సాక్ష్యాలలో ప్రసిద్ధమైనది డొమింగో పేస్ రాసినది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన ఈ పోర్చుగీసు యాత్రికుడు, ఆనెగొందికి నది దాటేచోట లోపల బెత్తపు అల్లికా వెలుపల తోలూ ఉన్న గుండ్రని పడవలను చూసి, ఒక్కోదానిలో పదిహేను ఇరవైమంది ఎక్కుతారనీ, అవసరపడితే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ, తెడ్డు వేస్తున్నంతసేపూ అది గిరగిరా తిరుగుతూనే ఉంటుందనీ రాసిపెట్టాడు. తరువాతి శతాబ్దంలో వజ్రాల వ్యాపారం మీద గోల్కొండ సీమలో తిరిగిన ఫ్రెంచివాడు టావెర్నియే కూడా ఎద్దుతోళ్ళు కప్పిన గంపపడవలను వర్ణించాడు. 1803లో మరాఠాల మీదికి సేనను నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ, మార్చిలో తుంగభద్రను దాటి ఉత్తరానికి వెళ్ళాక, వానలకు నదులు పొంగితే దండుకు సరుకులు అందడం ఎట్లా అన్న చింతతో రేవులలో గంపపడవలను కట్టించి సిద్ధం చేయించాడు. పన్నెండేళ్ళ తరువాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించబోయే సేనానికి దక్కన్ నదుల మీద వెదురుగంపను నమ్ముకోక తప్పలేదు.

తోలు తొడుగుకు నీరూ ఎండా రెండూ శత్రువులే. నీటిలో నానుతూ ఉంటే మెత్తబడి కుళ్ళుతుంది. ఎండలో వదిలేస్తే బిర్రబిగిసి కుట్ల దగ్గర చిట్లుతుంది. అందువల్ల పని ముగియగానే పుట్టిని గట్టుకు లాగి బోర్లించి ఆరనివ్వడం, ఆరిన తరువాత కుట్లు సరిచూసుకోవడం, తోలు మెత్తదనం పోకుండా నూనె పట్టించడం తప్పనిసరి పనులు. మేదరుల అల్లిక, మాదిగల తోలుపని, బెస్తల తెడ్డు కలిస్తే పుట్టి అయ్యేది. చిరిగినప్పుడు బాగుచేసే చేతులూ అవే, అవీ నడక దూరంలోనే ఉండేవి. అయితే ఈ పరస్పరాధారాన్ని గ్రామజీవనపు సామరస్యంగా మాత్రమే చెప్పుకోవడం పొరపాటు. తోలు పదును చేసిన మనిషిని ఊరి చివర నిలిపిన కట్టుబాటు కూడా ఇందులో భాగమే.

ఈ నదీ ప్రాంతానికి పెద్ద పడవలను తేవాలన్న ప్రయత్నం ఒకటి జరిగింది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల ప్రేరణతో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, సి.బెళగల్‌కు దిగువన ఉన్న సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1860ల్లో కర్నూలు-కడప కాలువను తవ్వించింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ప్రభుత్వం ఏటా 5 శాతం రాబడికి హామీ ఇచ్చింది. సుమారు 190 మైళ్ళ కాలువ సేద్యానికే గాక రవాణాకూ పనికివచ్చేట్లు లాకులతో నిర్మితమైంది. లాకు అంటే నీటి మట్టం మారేచోట పడవను ఎక్కించి దించే తలుపుల గది. 1871 నాటికి మద్రాసు నుంచి ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. కాలువ కంపెనీ ఆశించిన రాబడి రాక 1882లో ప్రభుత్వానికి అమ్ముడుపోయింది. పడవల రాకపోకలు క్రమంగా ఆగిపోయాయి. కాలువ ఈనాటికీ పొలాలకు నీరిస్తూనే ఉంది, పుట్టి నదిలోనే ఉండిపోయింది. రాతిబండలూ ఇసుకమేటలూ నిండిన ఏటిలో, వేసవిలో మోకాటిలోతుకు పడిపోయే ప్రవాహంలో, జానెడు నీటి మీద తేలే పడవకే బతుకు ఉంది.

20వ శతాబ్దంలో తోలు స్థానాన్ని తారు ఆక్రమించింది. మద్రాసు రాష్ట్రం నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగి వాటి ఖరీదు పెరగడం ఇందుకు ఒక కారణం కావచ్చు. పెట్రోలియం శుద్ధిలో అడుగున మిగిలే నల్లని జిగురుపదార్థమైన తారు రోడ్డు పనులతో పల్లెలకు చేరింది. గోనెపట్టానో, ఎరువుల సంచుల ప్లాస్టిక్ పట్టానో అల్లిక మీద బిగించి, డబ్బాలో కాచిన తారును వేడివేడిగా పూస్తే నీరు చొరదు. ఎండకు అది మెత్తబడి అంటుకుంటుంది, పాతబడితే పగుళ్ళిస్తుంది, కనుక మళ్ళీమళ్ళీ పూయవలసిందే. అయినా ఈ పూతకు నేర్పరి అక్కరలేదు, నడిపేవాడే పూసుకోగలడు.

మూడవ తొడుగు సముద్రం వైపునుంచి వచ్చింది. గాజును సన్నని పోగులుగా తీసి, వాటిని పాలియెస్టర్ రెజిన్ అనే జిగురుద్రవంలో తడిపి, గట్టిపరిచే ద్రవం కలిపి అచ్చు మీద పొరలుపొరలుగా పేర్చితే గట్టిపడేదే ఫైబర్‌గ్లాస్. అమెరికాలో 1930లలో గాజుపోగు పరిశ్రమ నిలదొక్కుకుంది; రెండవ ప్రపంచయుద్ధ కాలానికి దానితో పడవలు కట్టసాగారు. తూర్పుతీరంలో 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేపట్టిన మత్స్యకార పథకం, ఒడ్డుకు నేరుగా చేరగల ఫైబర్ పడవలను ప్రయోగించి చూసింది. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇచ్చిన సాయంతో అవి తీరమంతటా విస్తరించాయి. ఈలోగా తుంగభద్ర కూడా మారింది. 1953లో హోసపేట దగ్గర ఆనకట్ట పూర్తయి, దిగువ కాలువ ద్వారా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు నీరు మళ్ళింది. సుంకేసులలో పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. బ్యారేజీల, జలాశయాల వెనుక నిలిచిన నీటిలో పుట్టి రేవు దాటించడం కన్నా చేపలు పట్టడానికే ఎక్కువ ఉపయోగపడసాగింది. ఆ పనికి ఫైబర్ పుట్టి అనువైనది. కుళ్ళదు, చెదలు పట్టదు, తారు పూయనక్కరలేదు.

ఫైబర్ పడవకు ఏ పోషణా అక్కరలేదన్న నమ్మకం ఇక్కడే మొదలైంది. ఆ నమ్మకం సగమే నిజం. ఫైబర్‌గ్లాస్‌కు వెలుపలివైపు జెల్‌కోట్ అనే రంగు కలిపిన రెజిన్ పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూఇటూ. గాజుపోగులకు నీరు తగలకుండా ఆపేది ఈ పలుచని పొరే. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెజిన్ అణువుల గొలుసులను తెంపుతాయి. రంగుపొడిని పట్టి ఉంచిన జిగురు పోయి, పొడి ఉపరితలం మీద వదులుగా మిగులుతుంది. దీనిని సుద్దబారడం అంటారు. అరచేతితో రుద్దితే తెల్లని పిండి అంటుతుంది. ఎరుపు, నీలం రంగుల పడవలయితే ముందుగా వెలిసి కళతప్పుతాయి. బోర్లించి ఉంచితే తోలు పుట్టికి మేలు జరిగేది, ఎందుకంటే తోలుకు ఆరడం అవసరం. ఫైబర్ పుట్టిని నీడలేనిచోట బోర్లిస్తే దాని మేను ఎండకే అప్పగించినట్లు. పాత అలవాటు కొత్త తొడుగుకు చేటు చేస్తుందంటే ఇదే.

పోయిన మెరుపును తిరిగి తెప్పించడమంటే కొత్త పూత వేయడం కాదు, చెడిన పైపొరను తొలగించి దాని కింద ఉన్న మంచి జెల్‌కోట్‌ను బయటపెట్టడం. ముందు సబ్బునీటితో పాచినీ జిడ్డునూ కడగాలి. మురికి మిగిలితే రాపిడిలో ఇసుకరేణువులు కొత్త గీతలు గీస్తాయి, ఇసుకగట్టున ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. సుద్ద పలుచగా ఉంటే కార్ల రంగుపనిలో వాడే రబ్బింగ్ కాంపౌండ్, అంటే మెత్తని రాపిడిపొడి కలిసిన లేపనం, సరిపోతుంది. మొండిదయితే వాటర్ పేపర్‌ను తడిపి 800 నెంబరుతో మొదలుపెట్టి 1000, 1200, 2000 వరకు వరుసగా రుద్దాలి. నెంబరు పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందరి కాగితం చేసిన గీతలను తరువాతిది చెరపాలి, మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే ఆ గీతలు చివరి పాలిష్ కింద కూడా కనిపిస్తూనే ఉంటాయి. ఆపైన కాంపౌండ్, చివరకు మైనం. కాంపౌండ్ కాలే మేను మీద క్షణంలో ఎండి గట్టిపడుతుంది గనుక ఈ పని వేపచెట్టు నీడనో, ఎండ ఎక్కకముందో చేయవలసినది. చవకగా దొరికే కారు పాలిష్‌లలో కొన్నింటిలో సిలికోన్ ఉంటుంది. అది తాత్కాలికంగా మెరుస్తుంది గానీ, తరువాత రంగో జెల్‌కోటో వేయవలసివస్తే పూత అంటకుండా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

ఈ పనికి ఒక హద్దుంది. అర మిల్లీమీటరు పొర ప్రతి రాపిడికీ కొంత తరుగుతుంది, కొన్ని విడతలకు అడుగున గాజుపోగుల అల్లిక కనిపిస్తుంది. ఇసుక మీద ఈడ్చిన పుట్టి అడుగుభాగంలో అది అంతకన్నా ముందే బయటపడుతుంది. అక్కడ పాలిష్ పెట్టడం వృథా. గీరి, పూర్తిగా ఆరబెట్టి, గాజుపట్టా, రెజిన్‌లతో అతుకువేసి, మళ్ళీ జెల్‌కోట్ పూయాలి, లేకపోతే పోగుల వెంట నీరు లోపలికి పాకి పొక్కులు లేస్తాయి. తోలుకు కుట్టూ, తారుకు పూతా రేవులోనే జరిగిపోయేవి. రెజిన్, గట్టిపరిచే ద్రవం, గాజుపట్టా మాత్రం పట్నంలో కొనవలసిన సరుకులు, వాటి పాళ్ళు తెలిసిన మనిషి పల్లెలో అరుదు. ఈ మూడవ తొడుగుతో పుట్టి మన్నిక పెరిగిందన్నది నిజమే గానీ, దానిని బాగుచేసే నైపుణ్యం మొదటిసారిగా నదిని వదిలి వెళ్ళింది.

వెదురు పుట్టి పనికిరాకుండా పోతే ఇసుకలో కలిసిపోయేది. ఒకసారి గట్టిపడిన రెజిన్ మళ్ళీ కరగదు కనుక, పాత ఫైబర్ పడవను కరిగించి మరొకటి చేయడం సాధ్యం కాదు. జర్మనీలో ఇలాంటి వ్యర్థాలను ముక్కలు చేసి సిమెంటు బట్టీలలో వేస్తారు. రెజిన్ ఇంధనంగా మండుతుంది, గాజులోని ఇసుకపాలు సిమెంటులో కలుస్తుంది.