పొట్టి సీటు చరిత్ర

యంత్రాల చరిత్రను మనం సాధారణంగా కంపెనీల చరిత్రగానే చదువుకుంటాం. కర్మాగారం ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు మూశారు అన్నంతటితో కథ ముగుస్తుంది. అమ్ముడుపోయిన యంత్రాన్ని విప్పి, బిగించి, మార్చిన చేతులకు అందులో చోటు లేదు. యీ లోపం ఎంతటిదో నాకు గోదావరిఖనిలో, మా యింటి వెనక రేకుల షెడ్డులో తెలిసివచ్చింది.

మా నాన్న సింగరేణి బాయిలో కోల్‌ఫిల్లరు. ఆయన యెజ్డీ మోటారుసైకిలు మైసూరులో తయారైంది. అక్కడ 1961లో ఐడియల్ జావా కర్మాగారం మొదలైంది. 1973 నుంచి బండికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. కంపెనీ చరిత్ర యింతే. కాని ఆ బండి ఆ తర్వాత కూడ నాన్నను మూడు షిఫ్టులకూ మోసింది. దాని పొడుగు సీటు మీద నాన్న, నేను, అమ్మ. టాంకు మీద తమ్ముడు. జ్వరం వస్తే ఆస్పత్రికి, పండుగ వస్తే వూరికి అదే వాహనం.

నాన్న పదవీ విరమణ చేశాక బండి తమ్ముడి చేతికి వచ్చింది. నాన్నది పర్మనెంటు ఉద్యోగం. తమ్ముడు కాంట్రాక్టు వెల్డరు. అతడు దాన్ని ‘కెఫే రేసర్’ చేస్తానన్నాడు. అంటే ఎత్తు హాండిలు తీసి, ముందు ఫోర్కులకే రెండు పొట్టి హాండిళ్లు బిగించడం. పొడుగు సీటు తీసి ఒక్కరికి చాలే సీటు పెట్టడం. ఫుట్‌రెస్టులు వెనక్కి జరపడం. తోలేవాడు ముందుకు వంగితే గాలి తక్కువ అడ్డుతుంది.

పొరుగున వున్న రిటైరయిన ఫిట్టరు దగ్గరుండి చెప్పాడు. వెల్డింగుకు ముందు టాంకు దింపి దూరంగా పెట్టించాడు, బాటరీ తీగలు వూడదీయించాడు. వెనక షాక్ అబ్జార్బర్లు బిగిసే చోటు దాటిన గొట్టాన్నే కోయమన్నాడు. యింకా ముందుకు కోస్తే బరువు మోసే యెముక విరిగినట్టే. ఫుట్‌రెస్టుల దగ్గర మాత్రం తమ్ముడు ఓడిపోయాడు. యెజ్డీలో గేరుకూ కిక్కుకూ ఒకే లివరు. వెనక్కి కలిపిన కడ్డీ, కిక్కు కొట్టేటప్పుడు అడ్డం తగిలింది. రెండు ఆదివారాలు తంటాలుపడి, ఫుట్‌రెస్టులను పాత చోటనే వుంచాడు.

యీ పని మనకు పరాయిదని కొందరనవచ్చు. దాని పుట్టుక చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటనులో పని దొరికి, వాయిదాల మీద బండి కొనగలిగిన శ్రామిక యువకులు లండనులోని ఏస్ కెఫే వంటి రోడ్డుపక్క హోటళ్లలో చేరేవారు. పందెపు బండి కొనే డబ్బు లేదు గనుక వున్నదాన్నే కోసి మార్చుకున్నారు. నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజను కూర్చి ‘ట్రైటన్’ అన్నారు. అది ఏ కంపెనీ కాటలాగులోనూ లేదు. రోడ్ల మీద ప్రాణాలూ పోయాయి; దాన్ని మరచి వారిని వీరులను చేయనవసరం లేదు. 1965 నాటికి రాయల్ ఎన్‌ఫీల్డ్ అదే రూపాన్ని ‘కాంటినెంటల్ జి.టి.’ అన్న పేరుతో తయారుచేసి అమ్మింది. ఆ పేరునే 2013లో మద్రాసు కంపెనీ తిరిగి సంతకెక్కించింది. పేదవాడు డబ్బులేక కనిపెట్టినది ధనికుడు డబ్బిచ్చి కొనే ముచ్చటగా మారింది.

చట్టమూ యిక్కడ ప్రవేశిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడ దీన్ని గట్టిగా చెప్పింది. రోడ్డుమీది వారి భద్రతకు యిది అవసరమే. అందుచేతనే తమ్ముడి బండి మా వాకిలి దాటి రోడ్డెక్కలేదు.

బండి తయారైననాడు నాన్న చుట్టూ తిరిగి చూసి, వెల్డింగు మెచ్చుకొని, ఒక్క మాట అడిగాడు: “మంచిగనే చేసినవ్ గని, మీ అమ్మ యాడ కూసుంటదిరా?”

యీ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేకపోయాను. పర్మనెంటు ఉద్యోగం నాన్నకు కుటుంబమంతా కూర్చునే సీటు యిచ్చింది. రేపటి పని మీద నమ్మకం లేని తమ్ముడికి తన ఒక్కడి సీటే మిగిలింది. కాని ఆ పొట్టి సీటును తయారుచేసింది ఒక్కడు కాదు: ఫిట్టరు చెప్పాడు, మిత్రుడు గ్రైండరు తెచ్చాడు, నాన్న పాత పానాలు యిచ్చాడు. నైపుణ్యం నలుగురిదై, భద్రత ఒక్కరికైనా లేకపోవడమే నేటి కార్మికుని స్థితి.

చరిత్ర బోధించే మిత్రులకు నా మనవి ఒకటే. విద్యార్థులను యిటువంటి షెడ్లకు పంపండి. కంపెనీ ఎప్పుడు మూతపడిందో వారు పుస్తకంలో చదువుకోగలరు; ఆ తర్వాత బండిని ఎవరు నడిపించారో మాత్రం అక్కడే అడగాలి.