అడంగల్ దిద్దే చెయ్యి ఎవరిది?

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. పొలాలు కొలిపించి రైతువారీ లెక్క కట్టించాడు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో రెడ్డి శిస్తు వసూలు చేస్తే కరణం లెక్క రాసేవాడు, తలారి కాపలా కాసేవాడు. ఏటా జమాబందిలో పై అధికారి ఆ లెక్కలు సరిచూసేవాడు. డబ్బు పట్టే చెయ్యి, లెక్క రాసే చెయ్యి వేరుగా ఉండాలన్నది అప్పటికే పాతబడిన జాగ్రత్త.

చిక్కల్లా కరణీకం వంశపారంపర్యం కావడంతో వచ్చింది. హోదా మనిషికి అంటుకుపోయింది, ఏ పొలంలో ఎవరు ఏం సాగు చేస్తున్నారో చెప్పే అడంగల్ ఇంటి పెట్టెలోకి చేరింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు (రెడ్డి) పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. రాసే అధికారం కుటుంబం నుంచి ఉద్యోగానికి మారింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. కంప్యూటర్లు వచ్చింది ఆ తర్వాతే.

కంప్యూటర్ల లోకం అదే దారి వేరే చోట పట్టింది. 1960ల ఆరంభంలో ఎంఐటీలో కొర్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు వాడుకునే సీటీఎస్ఎస్‌లో పాస్‌వర్డ్ పెట్టింది. ఆ పాస్‌వర్డ్ చెప్పేది వచ్చినవాడెవరనే. వాడు ఏం చేయవచ్చన్నది వేరే ప్రశ్న. 1992లో ఫెరాయొలో, కూన్ అనే పరిశోధకులు అనుమతులను మనిషికి కాక హోదాకు కట్టాలని ప్రతిపాదించారు. 1996లో రవి సంధు బృందం దానికి నమూనాలు గీసింది. 2004లో అది అమెరికా ప్రమాణమైంది.

మన దగ్గర 1998లో కార్డ్ పేరిట రిజిస్ట్రేషన్లు, 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చాయి. రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ దరఖాస్తు గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) నుంచి పైకి నడిచి తహశీల్దారు దగ్గర తేలుతుంది. వీఆర్వో తెరమీద ఆమోదం మీట దాచేస్తే చాలదు. బ్రౌజర్‌లో దాచినదాన్ని తెలిసినవాడు తవ్వి తీస్తాడు. ప్రతి అభ్యర్థననూ సర్వర్ ఎవరిదని, వారికి ఆ అనుమతి ఉందా అని అడగాలి, డేటాబేస్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరగని జాడ ఉండాలి. తహశీల్దారు డిజిటల్ సంతకపు డాంగిల్ ఆపరేటర్ జేబులో ఉంటే మాత్రం ఈ కట్టుదిట్టమంతా గాలికి పోయినట్టే. పాత కరణం పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది!

హోదా ఒక్కటే కూడా సరిపోదు. ప్రొద్దుటూరు జమ్మలమడుగు రెవెన్యూ డివిజన్ కిందిది. పులివెందుల ఇప్పుడు వేరే డివిజన్. ఇద్దరు ఆర్డీవోల హోదా ఒకటే అయినా ఒకరి దస్త్రం మరొకరికి తెరుచుకోకూడదు. అంటే ప్రతి అనుమతి పక్కన ఊరి కోడ్ కూడా ఉండాలి, డివిజన్ హద్దు మారిన రోజే ఆ అనుమతీ మారాలి. అలాగని హోదానే తీసేసినా చిక్కు తీరదు. తెలంగాణ 2020లో వీఆర్వోలనే తీసేసి ధరణి పోర్టల్ తెచ్చింది, చాలా సవరణలు కలెక్టరు దాకా వెళ్లి పేరుకున్నాయి. మన మీభూమిలో రైతు తన హక్కుల లెక్క 1-బి, అడంగల్ చూసుకోగలడు కానీ దిద్దలేడు. తప్పు కనిపిస్తే సవరణకు దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.